కిటికీలోంచి వచ్చిన సోఫా

తణుకులో ఉండే సంపూర్ణమ్మ ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొత్త సోఫా వస్తుంది. పదింటికల్లా చెల్లెలికి ఫోన్ చేసి, వచ్చి చూడమనాలి.

చెల్లెలు రత్నమాణిక్యం నెలకొకసారి పెనుగొండ నుంచి వస్తుంది. అన్నం తిని, పాత సోఫాలో కాసేపు అటూ ఇటూ మసలి, "నడుం పట్టేసిందక్కా, నాలుగింటి బస్సుకి పోతాను" అంటుంది. బస్సు మలుపు తిరిగేదాకా సంపూర్ణమ్మ గేటు పట్టుకుని నిలబడుతుంది. తర్వాత లోపలికి వెళ్ళి, రెండో కంచం కడిగి పై అరలో పెట్టేస్తుంది. సోఫా మంచిదైతే చెల్లెలు ఒక్క రోజైనా ఉంటుందని ఆ ఒంటరి మనిషి ఆశ.

అందుకే వడ్రంగి బుల్లియ్యను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. అతను ఒక్కో సోఫానీ ఒక మూల పట్టుకుని పైకెత్తి చూశాడు.

"ఈ కాలు లేస్తే పక్క కాలు కూడా లేవాలండి. లేవలేదంటే చట్రం వదులన్నమాటే. పైగుడ్డ చూసి మోసపోకండి."

పదకొండో సోఫా నెగ్గింది. టేకు చట్రం. కర్రలో కర్ర దింపిన అతుకులు.

"మీ తర్వాత కూడా ఉంటాదండి ఇది."

"నాకు కావలసింది నా తర్వాత కాదు బుల్లియ్యా, నాలుగింటి తర్వాత."

తీరా వచ్చిన సోఫా గుమ్మంలో పట్టలేదు.

"కాళ్ళు ఊడదీయలేవా?"

"ఊడేవైతే మీరు కొనేవారేంటండి? గడప జోలికి వద్దుగానీ, కిటికీ తీసేసి లోపలికి పంపుదాం." బుల్లియ్య పనిముట్ల కోసం ఇంటికి వెళ్ళాడు.

సోఫా వీధిలో ఉండిపోయింది. చూడవచ్చిన ఆడవాళ్ళకు ఎదురింటి మరిడమ్మ ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. "మా చెల్లెలిదీ నా పొడుగే. కాళ్ళు చాపుకుంటే సరిపోతుందో లేదో" అంటూ సంపూర్ణమ్మ దుమ్ము అంటకుండా తెల్ల దుప్పటి పరిచి పడుకుంది. ఎండ తగులుతోందని సగం దుప్పటి మొహం మీదుగా కప్పుకుంది. ఈగలు ముసురుతున్నాయని మరిడమ్మ తలవైపు అగరొత్తులు వెలిగించింది. కాసేపటికి గురక వినిపించింది. "పాపం, రాత్రంతా కంగారుతో నిద్రలేదంట. మాట్లాడకండే" అంది మరిడమ్మ. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే, పెనుగొండలో రత్నమాణిక్యం పక్కింట్లో ఉండే దుర్గాసాయి మోటారు సైకిలు మీద అటు వచ్చాడు. అతని సంచిలో కూతురి పెళ్ళి శుభలేఖలున్నాయి. శుభలేఖలతో చావింటి ముందు దిగకూడదు. బండి వెనక్కి తిప్పేసి, సందు చివర్నుంచి ఫోన్ చేశాడు.

"మాణిక్యంగారూ, మీ అక్కగారు ఇక లేరండి. చేతిలో శుభలేఖలున్నాయని నేను దిగలేదు. మీరు వెంటనే బయల్దేరండి."

గంటలో ఆటో వచ్చి ఆగింది. రత్నమాణిక్యం, ఆమె తోడికోడలు, ఆడపడుచు, ముగ్గురూ ఒక్కసారిగా సోఫా మీద పడి భోరుమన్నారు. సోఫా కిర్రుమనలేదు.

"ఒక్క పూటైనా నీ దగ్గర ఉండలేకపోయానక్కా!"

"ఉండొచ్చు కదే, ఎవరొద్దన్నారు?" అంది దుప్పటి కింద నుంచి సంపూర్ణమ్మ.

ముగ్గురూ మూడు కుర్చీలు పడదోస్తూ లేచారు. అప్పుడే వచ్చిన బుల్లియ్య వంగి కాళ్ళు తడిమి చూసి, "అతుకులు కదల్లేదండి" అన్నాడు.

"బుద్ధుందా అక్కా నీకు! పదకొండు రోజులకి బట్టలు సర్దుకొచ్చాను. నేనుండనని కోడలు పాలవాడికి కూడా చెప్పేసింది."

"మడతపెట్టిన బట్టలు అలాగే తిప్పి తీసుకెళ్తే ఏం బావుంటుందే?"

కిటికీ ఊడింది. సోఫా లోపలికి వచ్చింది. తోడికోడలూ ఆడపడుచూ ఆటోలో వెళ్ళిపోయారు. నాలుగింటి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. రత్నమాణిక్యం లేవలేదు.

"నడుం ఎలా ఉందే?" అడిగింది సంపూర్ణమ్మ, గర్వంగా.

"నా నడుముకేమైంది? చీకటిపడితే నిన్ను వదిలి వెళ్ళబుద్ధి కాదని నాలుగింటికే పోయేదాన్ని."

సంపూర్ణమ్మ లేచింది. వెళ్ళి పై అరలోంచి రెండో కంచం దించింది.

పన్నెండో రోజు పొద్దున రత్నమాణిక్యం సంచి సర్దుకుంటుంటే, సంపూర్ణమ్మ మళ్ళీ సోఫా మీద పడుకుని తెల్ల దుప్పటి తలమీదికి లాక్కుంది.