ఊదని కొవ్వొత్తులు

ఆ ఊళ్లో పుట్టినరోజు కొవ్వొత్తిని నోటితో ఊది ఆర్పితేనే ఒక ఏడు నిండినట్టు లెక్క. సువర్చల తన ఇంట్లో ఏ దీపాన్నీ ఆర్పనివ్వదు కాబట్టి ఆమె పెద్దకూతురు చిత్కళ నాలుగో ఏడు కూడా ఎనిమిదేళ్ల పిల్లగానే ఉంది.

ఇందులో వింతేమీ లేదు. మునిసిపాలిటీలో నీళ్ల పన్ను కట్టే కిటికీ పక్కనే వయసుల విభాగం ఉంది. ముందరి పళ్లు ఊడి కొత్తవి పూర్తిగా వచ్చేదాకా పిల్లలు ఉచితంగా పెరుగుతారు. ఆ తర్వాత ఏడాదికో కేకు, కేకు మీద కొవ్వొత్తి, దాన్ని ఊదేటప్పుడు పక్కన వయసుల ఇన్‌స్పెక్టరు ఉండాలి. ఆయన చూసి తలూపితే బిడ్డ అక్కడికక్కడే ఏడాది పెరుగుతుంది. గుమ్మానికి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలుచుకునే పని కూడా ఉండదు.

సువర్చల కేకు చెయ్యదని కాదు. ఆ వీధిలో ఆమెలా కేకు చేసేవాళ్లు లేరు. కుక్కరుకి గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున గోదావరి ఇసుక పోసి, దాని మీద స్టాండు పెట్టి, బెల్లం, పచ్చికొబ్బరి, యాలకులు కలిపిన పిండిని గిన్నెలో పోసి లోపలికి దించుతుంది. ఉడికిందో లేదో కడిగిన చీపురుపుల్ల గుచ్చి చూస్తుంది. ఆ వాసనకి మేడ మీద వాళ్లు కూడా ఏదో పని కల్పించుకుని కిందికి దిగుతారు. కేకంతా ఉంటుంది, దాని మీద కొవ్వొత్తి మాత్రం ఉండదు. ఇన్‌స్పెక్టరు సత్తిరాజు గారు ఏటా వచ్చి, రెండు ముక్కలు తిని, ఇంకో రెండు డబ్బాలో పెట్టించుకుని, "ఆర్పలేదు" అని రాసుకుని వెళ్లిపోతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన గుమ్మం దిగేటప్పుడు గొణుక్కోవడం కూడా మామూలే. నిజానికి ఆయనది కూడా ఏమంత రాచబాట కాదు. తీపి పడదన్న వంకతో తన పుట్టినరోజు కేకు మానేసి, చాలాకాలంగా రిటైర్మెంటుకి ఏడాది దూరంలోనే నిలబడి జీతం తీసుకుంటున్నారు.

సువర్చల పట్టుదలకి కారణం ఉంది. చిత్కళ ఇంకా పాకడం కూడా రాని పసిగుడ్డుగా ఉన్నప్పుడు తుఫాను వచ్చి ఊరంతా కరెంటు పోయింది. పిల్లకి ఒళ్లు కాలిపోయే జ్వరం. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి దారి లేదు. నూనె దీపం ఒక్కటే పక్కన పెట్టుకుని, దాని వెలుగులో పిల్ల ఊపిరి చూస్తూ కూర్చుంది సువర్చల. నువ్వు ఆరకుండా ఉండు, నా బతుకులో ఏ దీపాన్నీ నేను ఆర్పను, నా ఇంట్లో ఆర్పనివ్వను అని ఆ దీపానికి మాటిచ్చింది. దీపం నిలిచింది, పిల్ల నిలిచింది. అప్పటికి సువర్చల వయసు ఇరవై తొమ్మిది. మాట మాటే కాబట్టి ఇప్పటికీ ఇరవై తొమ్మిదే.

దీనికి వీధిలో ఆడవాళ్లు వేరే అర్థం చెప్పుకున్నారు. పిల్ల పేరు చెప్పి తను పడుచుగా ఉండిపోయిందన్నారు. సువర్చల భర్త భానుమూర్తి సహకార బ్యాంకులో పనిచేస్తాడు. అక్కడ నెలాఖరున స్టాఫు అందరికీ కలిపి ఒక కేకు కోస్తారు, ప్రమోషన్లకి వయసు కావాలి కనక ఎవరి కొవ్వొత్తి వాళ్లు ఊదుకుంటారు. అలా ఆయన ఆఫీసులో పెరిగి ఇంటికి వచ్చేవాడు. ఈ మధ్య పెళ్లిళ్లలో "మీ అమ్మాయాండీ?" అని భార్యని చూపించి అడుగుతున్నారు. ఆయన కోప్పడడు, అలాగని నవ్వడు కూడా.

వీధిలో మిగతా తల్లిదండ్రులకి ఇలాంటి చాదస్తాలు లేవు. వాళ్ల తొందర ఇంకో రకం. కార్పొరేట్ కాలేజీవాళ్లు ఒకే కేకు మీద రెండేసి, మూడేసి కొవ్వొత్తులు ముందస్తుగా ఆర్పించే పథకం పెట్టారు. పిల్లాడు ఎంత తొందరగా పదహారుకి వస్తే అంత తొందరగా ఐఐటీ కోచింగులో చేరతాడు. పక్కింటి నాగరత్నం తన కొడుకు సాకేత్‌ని రెండు కేకుల్లో పదహారుకి తెచ్చి హాస్టల్లో వేసింది. ఒక సాయంత్రం ఆమె వచ్చి సువర్చల వంటింటి గట్టు దగ్గర నిలబడింది.

"మీ చిత్కళని ఒక్కరోజు మా ఇంటికి పంపుతారా వదినా? పనేం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల అలా ఇంట్లో తిరుగుతుంటే చూద్దామని."

"పంపుతాను. అన్నం పెట్టే పంపమంటారా?"

"వద్దు, మా ఇంట్లోనే తింటుంది. అన్నం పారబోసుకుంటుందా?"

"పారబోసుకుంటుంది."

"అయితే పంపండి," అంది నాగరత్నం.

చిత్కళ మూడో తరగతి నాలుగోసారి చదువుతోంది. ఎనిమిదేళ్లతనంలో ఆమెకున్నంత అనుభవం జిల్లాలో ఇంకెవరికీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లలకి ఏ మామిడికొమ్మ అందుతుందో, ఏ టీచరు ఎక్కడిదాకా ఊరుకుంటుందో, ఏ ఏడుపుకి ఏం దొరుకుతుందో అన్నీ తెలుసు. ఒకప్పుడు ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చున్న రమ్యశ్రీ ఇప్పుడు ఆరో తరగతిలో ఉంది. ఎదురుపడితే తల నిమిరి వెళ్లిపోతోంది. చిత్కళ ఇంట్లో ఇదేమీ చెప్పలేదు. అమ్మ ఇచ్చిన మాట తన గురించే అని ఆమెకి తెలుసు.

చిక్కు రెండో కూతురితో వచ్చింది. మైథిలి ఉచితంగా పెరుగుతూ పెరుగుతూ ఎనిమిదికి వచ్చేసింది. ముందరి పళ్లు రెండూ పూర్తిగా దిగాయి. అక్కాచెల్లెళ్ల గౌన్లు ఒకే కొలతకి వచ్చాయి. ఒకరోజు సువర్చల పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, మెట్ల మీద కూర్చున్న పిల్లలిద్దరి మాటలూ వినబడ్డాయి.

"ఇంక నిన్ను అక్కా అని పిలవక్కర్లేదుగా?" అంది మైథిలి.

"నీ ఇష్టం," అంది చిత్కళ.

"వచ్చే ఏడు కూడా ఎనిమిదేనా మనకి?"

"ఎనిమిదే. భయపడకు, నేను చెప్తాగా. మొదటేడు బావుంటుంది. రెండో ఏడు ఫ్రెండ్సు వెళ్లిపోతారు. మూడో ఏటికి అలవాటైపోద్ది."

సువర్చల తడి చీరని తీగ మీద వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసింది. ఆ రోజు చిత్కళకి తల దువ్వుతూ, "నీకు పెరగాలనుందా అమ్మా?" అని అడిగింది.

చిత్కళ జడ కొస వేలికి చుట్టుకుంది. "ఎనిమిది నాకు కంఠతా వచ్చేసిందమ్మా," అంది.

సువర్చలకి ఏడుపొచ్చింది. ఏడిచింది కూడా. మర్నాడు వయసుల విభాగానికి వెళ్లింది.

సత్తిరాజు గారు ఆమెని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు. ఊదకుండా వయసు పెరిగే మార్గం ఏమైనా ఉందా అని ఆమె అడిగింది. కొవ్వొత్తి దానంతటది కాలి కొండెక్కితే?

"కుదరదండి. అది కొవ్వొత్తి వయసు అయిపోవడం అవుద్ది గానీ పిల్లది అవ్వదండి."

"పోనీ ఫ్యాను వేస్తే?"

"ఆయ్, అదీ అయిందండి. గాంధీబొమ్మ వీధిలో ఒకాయన ఫ్యాను గాలికి ఆర్పించేడు. ఏడాది వెళ్లి ఫ్యాను ఖాతాలో పడింది. ఏటా అలాగే చేసేడు. ఇప్పుడు దానికి బడి వయసు వచ్చిందని, చేర్పించమని వాళ్లకి నోటీసు వెళ్లిందండి. పిల్లాడేమో అక్కడే ఉన్నాడు."

సువర్చల మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "సరే, ఊదిస్తాను. ఈ ఏడు తొమ్మిది, వచ్చే ఏడు పది, అలా చేద్దాం."

సత్తిరాజు గారు కళ్లజోడు తీశారు. "అక్కడే ఉందండి తిరకాసు. బకాయిలకి వాయిదాలు లేవండి. పాపకి ఈ పుట్టినరోజుతో కలిపి నాలుగు కొవ్వొత్తులు. నాలుగూ ఒక్క ఊపిరితో ఆర్పాలి. ఎనిమిది నుంచి సరాసరి పన్నెండు."

"మరి తొమ్మిదీ, పదీ, పదకొండూ?"

"ఉండవండి."

"నేను చూడొద్దా? తొమ్మిదేళ్లప్పుడు దాని మొహం ఎలా ఉండేదో తల్లిని, నేను చూడొద్దా?"

"రూలు అలా ఉందండి మరి. ఇంకో దారి ఉందండి, అలాగే ఉంచేసుకోవచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల అంటే ఇంటికి అందమే కదండి."

ఆ వారమంతా ఇంట్లో మాటలు తగ్గాయి. ఒక పక్క ఇచ్చిన మాట, ఒక పక్క పిల్ల, మధ్యలో ఎవరికీ దక్కని మూడేళ్లు. భానుమూర్తి ఏ సలహా ఇచ్చినా తప్పే అవుతుందని తెలిసినవాడు కాబట్టి మైదా, బెల్లం, నెయ్యి తెచ్చి గట్టు మీద పెట్టి ఊరుకున్నాడు. కొవ్వొత్తులు మాత్రం సువర్చలే వెళ్లి కొంది. కొట్టువాడు నాలుగా అని అడిగితే కాదు, పదిహేను అంది.

పుట్టినరోజు నాడు ఆమె రెండు కేకులు చేసింది. ఇసుక రెండుసార్లు వేడి చేసింది. ఇన్‌స్పెక్టరు రాగానే చిన్న కేకు తన ముందు పెట్టుకుని పదకొండు కొవ్వొత్తులు గుచ్చింది.

"ఇవెవరివండి?" అన్నారు సత్తిరాజు గారు.

"నావి. ముందు నేను ఊదుతాను. మాట తప్పినందుకు ఏమైనా జరిగేది ఉంటే నాకు జరగనివ్వండి. అది చూశాకే పిల్లని ఊదనిస్తాను."

సువర్చల దేవుడి గూట్లో దీపానికి దణ్ణం పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊదింది. పదకొండూ ఆరిపోయాయి, ఇన్‌స్పెక్టరు తలూపారు. చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. మోకాలు కలుక్కుమంది. కేకు మీది కొబ్బరి తురుము మసగ్గా కనబడింది. అంతకుమించి ఏమీ జరగలేదు. గూట్లో దీపం నిశ్చింతగా వెలుగుతోంది. ఆమె కాసేపు ఎదురుచూసింది. పదకొండేళ్లు పట్టుకున్న మాట వదిలేస్తే కనీసం పొయ్యి మీద పాలైనా పొంగిపోతాయనుకుంది. దేవుడు అసలు పట్టించుకోలేదని కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

భానుమూర్తి ఆమెని పరకాయించి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చావా?" అన్నాడు. "ఒక్కణ్ణే ముసలాణ్ణి అయిపోతున్నానే అనుకున్నాను, ఇన్నాళ్లూ."

తర్వాత చిత్కళని పెద్ద కేకు ముందు నిలబెట్టారు. సువర్చల ఆ ఎనిమిదేళ్ల మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. బుగ్గ మీద అంటుకున్న పిండి తుడవబోయి, తుడవకుండా వదిలేసింది. "ఊదు," అంది.

చిత్కళ ఊదింది. సత్తిరాజు గారు తలూపారు. గౌను భుజాల దగ్గర బిగుసుకుంది, మోకాళ్ల మీదికి ఎక్కింది. ముక్కు మేనత్త ముక్కు అయింది. మైథిలి నోట్లోంచి దానంతటదే "అక్కా" అని వచ్చింది. చిత్కళ పైనుంచి చెల్లెల్ని చూసి, ఆమె నుదుటి మీది జుట్టు సర్దింది. కేకు ముక్క తీసుకుని కింద ఒక్క నలుసు కూడా పడకుండా తింది.

"బావుందమ్మా," అంది.

సువర్చల ఉలిక్కిపడింది. ఎనిమిదేళ్ల పిల్ల కేకు బావుందని ఏనాడూ చెప్పలేదు, ఇంకో ముక్క పెట్టమనేది. తల్లి మనసు కష్టపెట్టకూడదని తెలిసిన పిల్ల ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది. ఆ తెలియడం ఏ ఏట మొదలైందో, తొమ్మిదిలోనో పదిలోనో, ఇంక ఎవరూ చెప్పలేరు. "రమ్యశ్రీ వాళ్లింటికి వెళ్లొస్తానమ్మా," అని చెప్పి, తల్లి పాత చున్నీ ఒకటి భుజాల మీద వేసుకుని, చిత్కళ గుమ్మం దిగింది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు.

"నేను ఫిర్యాదు ఇస్తాను," అంది సువర్చల. "నా పిల్ల ఒక్క క్షణంలో పెద్దదైపోయింది. మూడేళ్లు నాకు చూపించకుండా తీసేసుకున్నారు."

"ఇవ్వండి, తప్పకుండా తీసుకుంటామండి," అన్నారు సత్తిరాజు గారు, డబ్బా మూత పెడుతూ. "కానీ అమ్మా, ఏటా పద్ధతిగా ఒక్కో కొవ్వొత్తీ ఆర్పించుకున్న తల్లులు కూడా ఇదే ఫిర్యాదు రాసిస్తారండి. ఒక్క క్షణంలో పెద్దదైపోయింది, మేం చూడనే లేదు అని. ఒక్క మాట తేడా ఉండదండి. వాటికే మా ఆఫీసులో రెండు గదులు నిండిపోయాయి."

"అయితే పిల్ల పెరగడం చూసిన తల్లి ఎవరి ఇంట్లోనూ...?"

"ఎవరింట్లోనూ లేదండి. మేమూ వెతికేం."

ఆయన వెళ్లిపోయాక సువర్చల ఇసుక చల్లారబెట్టి, కుక్కరు కడిగి బోర్లించింది. వచ్చే నెల మైథిలి మొదటి కొవ్వొత్తి. మైథిలి గట్టెక్కి కూర్చుని, కేకు గిన్నె అడుగుని వేలితో గీరి తింటోంది. సువర్చల స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. అన్నం వార్చే వేళ దాటిపోయినా లేవలేదు.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?" అంది మైథిలి.

"కదలకు," అంది సువర్చల, మొగుడి కళ్లజోడు తెచ్చి పెట్టుకుంటూ. "ఎనిమిదిని చూసుకుంటున్నాను."