మేడమ్ లిమ్ బల్ల మీద సున్నుండలు

ఆ ఉదయం భానుమతి పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతురు దీక్షితను బడిలో దింపడం, అదే బడి ఆఫీసులో ఒక కొటేషనూ, తాను కుట్టిన కంప్యూటర్ కవరొకటీ ఇవ్వడం, వచ్చే దారిలో టోవా పాయో మార్కెట్లో కొత్తిమీర కొనుక్కుని ఇంటికి చేరడం.

పని చిన్నదే గానీ దాని వెనకున్న ఆశ చిన్నది కాదు. లోకమంతా కంప్యూటర్ల మీద పడి బతుకుతున్న రోజులవి. భర్త రంగనాథ్ ప్రోగ్రాములు రాస్తాడు. పై అంతస్తు లలితకుమారి ఏవో కోర్సులు చేసి బ్యాంకులో చేరింది. నలుగురు తెలుగువాళ్ళు కలిసిన చోట "మీరేం చేస్తున్నారండీ" అనే ప్రశ్న తన దాకా వచ్చేసరికి భానుమతికి స్టవ్ మీద ఏదో పెట్టి మరిచిపోయినట్టు గుర్తుకొచ్చేది. కాకినాడలో ఇంటరు సగంలో ఆగిపోయిన చదువు ఆమెది. చేతిలో ఉన్న విద్యల్లా కుట్టు. అలాంటిది బడిలో కొత్తగా కంప్యూటర్ల గది పెట్టి, దుమ్ము పట్టకుండా వాటికి గుడ్డ కవర్లు కావాలన్నారు. అందరూ కంప్యూటర్ లోపల బతుకుతుంటే తనకు దాని పైన చోటు దొరికిందని ఆమె సంబరం.

పక్క ఫ్లాటు తారాదేవి ఆంటీ ఆ పరాయి దేశంలో ఏనాటి నుంచో ఉన్న మనిషి. భానుమతి పేర చిన్న వ్యాపారం రిజిస్టరు చేయించిందీ, కొటేషన్ రాయించిందీ ఆవిడే. "బడివాళ్ళు ఎవరి దగ్గరైనా కొంటారే అమ్మాయ్. ముగ్గుర్ని ధర అడుగుతారు, సరుకు చూస్తారు, సరిపడినవాళ్ళకి ఇస్తారు. కాగితం ఇచ్చి వచ్చెయ్, అంతే" అని చెప్పింది.

ఆ 'అంతే' దగ్గరే భానుమతికి మనసొప్పలేదు. శుభమా అని మొదటిసారి ఒకరి గుమ్మం తొక్కుతూ చేతులూపుకుంటూ ఎలా వెళ్ళడం? వాళ్ళమ్మ పోస్టాఫీసుకు వెళ్ళినా పెరట్లో కాసిన నాలుగు వంకాయలు పట్టుకెళ్ళేది. అందుకని కొటేషన్‌తో పాటు ఒక డబ్బాడు సున్నుండలు సంచిలో పెట్టుకుంది.

ఆఫీసులో కొనుగోళ్ళు చూసే మేడమ్ లిమ్ కాగితమూ కవరూ తీసుకుని, డబ్బాను మాత్రం వెనక్కి జరిపింది. ఇలాంటివి పుచ్చుకోకూడదని నవ్వుతూనే చెప్పింది. భానుమతికి ఆ ఇంగ్లీషు అర్థం కాకపోలేదు, మరీ బాగా అర్థమైంది. మర్యాదస్తులు వద్దనకుండా పుచ్చుకుంటారా? కాకినాడ వైపు మూడుసార్లు వద్దన్నాకే విస్తట్లో రెండో గారె పడుతుంది. "పర్లేదు మేడమ్, ఇంట్లో చేసినవే" అని డబ్బా బల్ల మీద పెట్టి, ఆవిడ లేచేలోగా గేటు దాటేసింది.

ఇంటికి వచ్చి కొత్తిమీర కడుగుతుండగా ఫోను మోగింది. డబ్బా వచ్చి తీసుకెళ్ళమని మేడమ్ లిమ్. ఈసారి గొంతులో నవ్వు లేదు. భానుమతి కొత్తిమీర పక్కన పెట్టింది. తప్పెక్కడ జరిగిందా అని ఆలోచించగా ఆలోచించగా దొరికింది. అంతమంది కూర్చున్న చోట ఒక్కరికే పెట్టి వచ్చింది. పాపం, ఆవిడ పక్కవాళ్ళ ముందు మొహం ఎలా ఎత్తుకుంటుంది? వెంటనే ఇంట్లో ఉన్న మినప్పప్పంతా వేయించి, మిక్సీ వేడెక్కేదాకా పట్టి, బెల్లమూ నెయ్యీ దిట్టంగా కలిపి, ఆఫీసుకంతటికీ సరిపడా ఉండలు చుట్టింది. బడి వదిలే వేళకు పెద్ద సంచితో గేటు దగ్గరుంది.

గేటు కాపలా సింహాచలం అంకుల్ తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబంవాడు. ఆయన తెలుగులో సగం తమిళం, కొంత మలయ్. ఒక ఉండ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "మా పాట్టి, మా నాయనమ్మ, చేసేదమ్మా ఇట్లా. సెడాప్, సెడాప్, భలే రుచి. సంచి ఇట్లా ఇయ్యి, నేను పంచుతా."

ఆమెను ఆఫీసులోకి తీసుకెళ్ళి, అక్కడున్న ఆఫీసువాళ్ళకూ టీచర్లకూ పంచాడు. తీసుకున్న ప్రతివాళ్ళూ ఏమిటి విశేషమని అడిగారు. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పడం ఎందుకని, ఈవిడ పాప పుట్టినరోజని ఆయన సొంతంగా తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే దీక్షిత అమ్మను వెతుక్కుంటూ వచ్చింది. టీచర్లంతా చప్పట్లు కొట్టి పాట అందుకున్నారు.

"నాట్ మై బర్త్‌డే లా," అంది దీక్షిత బిత్తరపోయి, ప్రతి మాట చివరా 'లా' తగిలించే ఆ ఊరి యాసలో. "నవంబర్ లా."

పాట మధ్యలో తెగింది. అంతలో మేడమ్ లిమ్ పొద్దుటి డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు చెప్పాలని అప్పటిదాకా బడంతా వెతుకుతోందట. ప్రిన్సిపాల్ అక్కడే, కిటికీ పక్కన, సగం కొరికిన సున్నుండతో నిలబడి ఉంది. మేడమ్ లిమ్ మెల్లగా విషయం చెప్పింది. ప్రిన్సిపాల్ తన చేతికేసి చూసుకుంది, చుట్టూ ఉన్న దవడలకేసి చూసింది, ఏదో అనబోయింది. సున్నుండ అంగిట్లో ఉండగా ఎంత పెద్ద పదవిలో ఉన్నవాళ్ళకైనా మాట పెగలదు.

సాయంత్రం తారాదేవి ఆంటీ విని నుదురు కొట్టుకుంది. "వాళ్ళు వద్దంటే వద్దనే అర్థమే తల్లీ. నీ కాగితం వాళ్ళ చేతిలో ఉండగా నువ్వు ఏది పెట్టినా దాన్ని లంచమనే అంటారిక్కడ."

"దీక్షితను బడిలోంచి తీసేస్తారా ఆంటీ?" అంది భానుమతి. అప్పటికే ఆమె కళ్ళముందు విమానం టిక్కెట్లు కూడా కనిపిస్తున్నాయి.

రంగనాథ్ ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ అంతా విన్నాడు. "ఒక్క పూటలో బడి మొత్తాన్ని కొనేశావు భానూ. మా సేల్స్‌వాళ్ళని నీ దగ్గరికి పంపిస్తానుండు" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి పక్కన కూర్చుని, రేపు తానూ వస్తానన్నాడు. వద్దంది. చేసింది తను, చెప్పుకోవలసిందీ తనే. కవర్ల ఆశ వదులుకుని కొటేషన్ వెనక్కి తీసుకుంటే పిల్ల జోలికైనా రారనుకుంది.

మర్నాడు మేడమ్ లిమ్ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. భానుమతి రాత్రంతా కూడబలుక్కున్న ఇంగ్లీషంతా ఒక్క గుక్కలో అప్పజెప్పింది. ఆవిడ చివరిదాకా విని, వెనక్కి తీసుకోవలసిన పని లేదంది. పదిమంది ఎదుట అందరికీ పంచిపెట్టిన దానిలో చెడు ఉద్దేశం లేదని ప్రిన్సిపాల్ పైవాళ్ళకు రాసిందట. తిన్నవాళ్ళు తలా కాస్త వేసుకుని మిఠాయి ఖరీదు ఒక కాగితపు కవర్లో పెట్టి ఉంచారట. కాకపోతే సున్నుండ తిన్నవాళ్ళెవరూ, డబ్బా పుచ్చుకున్న తనతో సహా, కవర్ల సంగతి తేల్చడానికి వీల్లేదట.

"మరి తిననివాళ్ళెవరు మేడమ్?"

మిగిలింది ఒకే ఒక్కడు. పిల్లలు నీడ చూసి పారిపోయే క్రమశిక్షణ మాస్టారు మిస్టర్ హో. ఆయనకు షుగరు.

భానుమతి ఆశ పూర్తిగా అడుగంటింది. మిస్టర్ హో అప్పటికప్పుడే ఆమెనూ మేడమ్ లిమ్‌నూ కంప్యూటర్ల గదికి నడిపించాడు. వచ్చిన మూడు కవర్లనూ కంప్యూటర్లకు తొడిగించాడు. మొదటిది వదులై జారిపోయింది. రెండోదానికి వైర్లు బయటికి రావడానికి దారి లేక వెనక గూనిలా పైకి లేచింది. మూడోది భానుమతిది. దాన్ని ఆమె ఇంట్లో రంగనాథ్ కంప్యూటర్‌కు తొడిగి చూసి మరీ కుట్టింది. వెనక చీలిక పెట్టి అంచు మడిచింది. మిస్టర్ హో ఆ కుట్టును రెండు చేతులా లాగాడు. మళ్ళీ లాగాడు. అది ఊడలేదు.

"దీని ధర కూడా మిగతావాటి కంటే తక్కువే. ఎప్పటికి ఇస్తారు?" అని అడిగాడు.

భానుమతి ఎప్పటికో చెప్పడం మరిచి చేతులు రెండూ జోడించింది. ఆయనకూ, మంచినీళ్ళిచ్చిన మేడమ్ లిమ్‌కూ, తమ పేరు పోయేంత పని తను చేసినా తనను మనిషిగానే చూసిన ఆ బడికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో ఆమెకు తెలియలేదు. తెలిసిన పద్ధతేమో ఇక్కడ పనికిరాదని నిన్ననే తేలింది. మిఠాయి ఖరీదున్న కవరు వద్దనబోయి, మేడమ్ లిమ్ మొహం చూసి, మొదటి మాటకే పుచ్చుకుంది.

మిగిలిన సున్నుండలన్నీ ఆ వారం రంగనాథే తిన్నాడు. ఆ ఇంట్లో ఏ నిర్ణయమూ ఆయన చేతిలో లేదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.