పల్లంరాజు తువ్వాలు దండయాత్ర

స్వస్తిశ్రీ సర్వజిత్తు నామ సంవత్సరం, అనగా క్రీస్తుశకం రెండువేల ఏడు, వైశాఖ మాసం. గోదావరి పాయల నడుమ రొయ్యల చెరువులు మండుటెండకు తళతళలాడు వేళ, భీమవరపురంలో మేత బస్తాలు కొండలుగా అమ్మి కంపెనీవారిచే బ్యాంకాకు విహారం బహుమానంగా పొందిన డీలరుశిఖామణి, తువ్వాలాస్త్ర ప్రయోగ ధురంధరుడు, బస్టాండు భయంకరుడు అయిన పల్లంరాజు, ధర్మపత్ని ప్రసన్నకుమారినీ, ఆరేళ్ళ హారతినీ, మూడేళ్ళ గణేష్‌బాబునూ వెంటబెట్టుకుని, ఆ పరదేశపు స్టేషనులో మూడో తరగతి బండికై కాచుకుని నిలిచిన వైనం వినుడు!

ఆ వీరుని ఆయుధం ఎర్రంచు తువ్వాలు. భీమవరంలో బస్సు ఆగీ ఆగకముందే అది కిటికీలోంచి రివ్వున దూరి ఏ సీటుమీద వాలితే ఆ సీటు పల్లంరాజుది. రిజిస్టరాఫీసు దస్తావేజుకైనా పేచీ పెట్టేవాళ్ళున్నారు గానీ ఆ తువ్వాలుకు లేరు.

అయుత్తయ అనే ఊళ్ళో పాత గుళ్ళు చూడ్డానికి కంపెనీవారి ఏసీ బస్సుండగా ఈ రైలెందుకంటే, రాత్రి హోటల్లో తోటి డీలర్ల ముందు, “మా ఫ్యామిలీ రైల్లో అయుత్తయ వెళ్ళొస్తాం, ఆయ్!” అని నోరుజారాడు గనక.

“కిటికీ పక్కన లేకపోతే పిల్లాడు కక్కేస్తాడండి. ఆలోచించుకోండి,” అంది ప్రసన్నకుమారి.

వీరుడు మీసం దువ్వాడు. “ఓ కాంతామణీ! పెళ్ళిళ్ళ సీజనులో సైతం నరసాపురం బస్సులో నీకు కిటికీ సీటు సమకూర్చని దినమొక్కటి గలదా? ఈ భుజమున తువ్వాలుండగా నా కుమారుడు కక్కుటయా? అట్లు జరిగెనా, ఈ జన్మలో మరల దీనిని భుజమున వేయను!”

“ముందు ఆ నీళ్ళ సీసా పట్టుకోండి. చెయ్యి లాగేస్తంది.”

అంతలో దిక్కులు పిక్కటిల్ల కూతపెట్టుచు బండి వచ్చింది. పల్లంరాజు భార్యాబిడ్డలను స్తంభం దగ్గర నిలిపి, “కదలొద్దు!” అని శాసించి, మదపుటేనుగువలె జనసమూహాన్ని చీల్చుకుంటూ ఉరికి, తొలి కిటికీలోంచి తువ్వాలు విసిరాడు. అది ఖాళీ బల్లమీద చక్కగా వాలింది. పక్కనున్న ముసలావిడ, గాలికి ఎగిరొచ్చిందనుకుంది కాబోలు, దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి, చేతులు జోడించి తిరిగి ఇచ్చింది.

రెండో కిటికీలో వేశాడు. ఒక కాలేజీ పిల్ల అంతకంటే నీటుగా మడతపెట్టి ఇచ్చింది. మూడోసారి బరువుకని నీళ్ళ సీసాను అందులో మూటగట్టి విసిరితే, ఒక బొద్దుమనిషి సీసాను తుడిచి మరీ అందించాడు. “నా తువ్వాలు తీసిందెవడ్రా?” అన్న సింహనాదం వీరుని గొంతులో సిద్ధంగానే ఉంది. కానీ కలియబడేవాడితో కలియబడవచ్చు, నవ్వి దండం పెట్టేవాడిమీద ఏ అస్త్రం వేస్తాం?

ఈల మోగింది. వెనక్కి చూస్తే స్తంభం దగ్గర ఎవరూ లేరు. భాష రాని దేశంలో పెళ్ళాం పిల్లలు తప్పిపోతే ఎవరిని అడగాలి?

“నాన్నా!” అని తొలి కిటికీలోంచి హారతి కేక. కదులుతున్న బండిని పట్టుకుని ఎలాగో లోపలపడ్డాడు. తల్లి ఒళ్ళో గణేష్‌బాబు, కిటికీ గాలికి ముఖం పెట్టి హాయిగా ఉన్నాడు.

“కదలొద్దన్నానా? ఎలా ఎక్కేరు?”

“ఎలాగేంటండీ, గుమ్మంలోంచే! పిల్లల్ని చూసి ఓ కుర్రాడు లేచాడు, ఈ మామ్మగారు జరిగారు. మీరప్పటికి మూడో కిటికీతో యుద్ధం చేస్తన్నారు.”

ముసలావిడ మళ్ళీ దండం పెట్టింది. గంటన్నరసేపు వీరుడు నిలబడే ఉన్నాడు. బిడ్డ కక్కలేదన్న సంతోషం ఒక పక్క, తన తువ్వాలు సాయం లేకుండానే కక్కలేదన్న దుఃఖం మరో పక్క.

దిగాల్సిన ఊరికి ముందు స్టేషనులో ఎదుటి బల్ల ఖాళీ అయింది. పోటీకి ఒక్కరూ లేరు. అయినా పల్లంరాజు నాలుగడుగులు వెనక్కి వేసి, కులదైవాన్ని తలచి, తువ్వాలు విసిరాడు. ఈసారి ఎవరూ తిరిగివ్వలేదు. దానిమీద కూర్చుని, కళ్ళు అరమోడ్చి, కాలుమీద కాలు వేశాడు.

“లేవండి, ఊరొచ్చేసింది,” అంది ప్రసన్నకుమారి.

పిల్లాణ్ణి ఎత్తుకుని విజయగర్వంతో దిగాడు. బండి కదిలింది. కిటికీలోంచి ముసలావిడ చెయ్యి చాచింది. ఆ చేతిలో నాలుగు మడతల తువ్వాలు. అందుకుని, తిరిగి దండం పెడదామంటే చేతులు ఖాళీ లేక, సిగ్గుతో తల మాత్రం వంచాడు.

ఇవ్విధంబున, పరదేశమందు మూరెడు చెక్కబల్లను రెండు నిమిషాలు ఏకచ్ఛత్రంగా ఏలి, సర్వజిత్తు పేరు నిలబెట్టిన పల్లంరాజుకు జయము! జయము! తువ్వాలు మడతపెట్టి ఇచ్చినవారి పేర్లు అతడు అడగలేదు గనక ఈ గాథలో లేవు.