ఏడిస్తే చెల్లదు

ఫినీషియన్లు పసిపిల్లలను దేవుళ్లకు బలి ఇచ్చేవారు కాదని మా విశ్వవిద్యాలయపు పురావస్తు శాఖ ముప్పై ఏళ్ల క్రితమే తీర్మానించింది. అదంతా గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు. రెండువేల ఏళ్లకు పైబడిన ఆ మధ్యధరా సముద్ర వ్యాపారుల పరువు కాపాడే భారాన్ని మా శాఖాధిపతిగారు భుజాన వేసుకున్నారు. అక్కడి తవ్వకాల్లో దొరికిన, పసికందుల బూడిద నింపిన కుండల గురించి పాఠం చెప్పేటప్పుడు ఆయన కళ్లు చెమర్చేవి. "కన్నవాళ్లు అలా చేస్తారా?" అంటూ కళ్లజోడు తుడుచుకునేవారు. శాఖ గుమాస్తాగా ఆ తుడిచే గుడ్డను వారానికోసారి మార్చే భాగ్యం నాది.

ఈ తీర్మానానికి ఎదురు నిలిచిన ఏకైక ప్రాణి పళ్లమ్మాయి. ఆమె పరిశోధకురాలు. కుండల్లో దొరికిన పాలపళ్లను ఆరేళ్లుగా లెక్కపెడుతోంది కనుక ఆ పేరు మేమే పెట్టాం. మెట్ల కింది గదిలో, కాలు విరిగిన బల్లకు పాత ప్రశ్నపత్రాల కట్ట ఊతమిచ్చి, బియ్యపు గింజంత పళ్లను పట్టకారుతో తీసి, కొలిచి, చీటీ రాసి డబ్బీలో పెట్టేది. ఏ బిడ్డ ఎన్ని వారాలు బతికిందో పన్ను చూసి చెప్పేది. బలులు నిజమేనని మూడువందల పేజీలు రాసింది. శాఖాధిపతిగారు వాటిని ఎనిమిదిసార్లు ఎర్రసిరాతో తిప్పి పంపారు. పరిశోధనా ప్రమాణాలంటే మా శాఖలో అంత పట్టింపు.

ఇంతలో శాఖలో ఒక అధ్యాపకుడి ఉద్యోగం ఖాళీ అయింది. అచ్చయిన పుస్తకం ఉన్నవారే అర్హులని నిబంధన. శాఖాధిపతిగారి అల్లుడికి అన్ని అర్హతలూ ఉన్నాయి, పుస్తకం ఒక్కటే లేదు. ఒకరోజు మామగారు మధ్యాహ్న భోజనానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి ఆయన ముప్పై ఏళ్ల అభిప్రాయం మారిపోయింది. బలులు జరిగాయి! కనిపెట్టింది అల్లుడుగారు! సాక్ష్యం గడప దాటి ఇంట్లోకి వచ్చాక కూడా మొండికేయడం పండితుల లక్షణం కాదు.

పళ్లమ్మాయిని పిలిపించారు.

"చూడమ్మా, నువ్వు నాకు కూతురిలాంటిదానివి. నీ మూడువందల పేజీలు మా అల్లుడి పేరు మీద పుస్తకంగా అచ్చువేయిద్దాం, సరేనా?"

"మీ అమ్మాయి రాసిందైతే ఇలాగే అడిగేవారా సార్?"

"అడ్డంగా మాట్లాడకు. కుండల కొలతల మీద చిన్న వ్యాసం రాసివ్వు, వచ్చే నెలలో పట్టా ఇప్పిస్తా. ఈ పుస్తకం మాత్రం వదిలెయ్. కాదంటావా, లెక్కలో తేడా ఉందని రాస్తా. పళ్లన్నీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చో."

అంగీకార పత్రం నేనే టైపు చేశాను. 'ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి ఇష్టంతో' అన్న మాటలు మూడుచోట్ల వేశాను. ఇలాంటి కాగితాల్లో ఇష్టం ఎంత ఉంటే అంత మంచిది.

"అన్నయ్యా, ఇది మీరే కొట్టారా?" అని అడిగింది.

"అవునమ్మా. తప్పులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు," అని సంతకం పెట్టింది.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. కృతజ్ఞతల పుట చివర 'పళ్ల లెక్కింపులో సహకరించిన సిబ్బందికి' అని పళ్లమ్మాయిని కూడా మర్చిపోకుండా తలుచుకున్నారు. పుస్తకాలకు కట్టిన రిబ్బను విప్పే గౌరవమూ ఆమెకే ఇచ్చారు. "నవ్వుతూ నిలబడు. కంటతడి పెట్టావో, పట్టా సంగతి మర్చిపో," అని శాఖాధిపతిగారు ముందే ప్రేమగా చెప్పి ఉంచారు.

అల్లుడుగారు తమ పుస్తకాన్ని మొదటిసారిగా తెరిచి, ఐదో అధ్యాయం చదివారు:

"సంపన్నులు తమ బిడ్డలను దాచుకుని, పేదల బిడ్డలను కొని బలికి పంపేవారని పాత గ్రీకు రాతలు చెబుతున్నాయి. ఆ తల్లి పక్కనే నిలబడాలి. ఒక్క కన్నీటిచుక్క రాలినా ఆమెకు ముట్టవలసింది ముట్టదు. బిడ్డ ఎలాగూ దక్కదు. ఏడుపు జనానికి వినబడకుండా డప్పులూ పిల్లనగ్రోవులూ మోగించేవారు."

అక్కడ ఆగి, "ఎంత అనాగరికులో చూడండి!" అన్నారు. ఆ పుస్తకానికి ఆయన చేర్చిన వాక్యం అదొక్కటే. శాఖాధిపతిగారి కళ్లు చెమర్చాయి. నేను కొత్త గుడ్డ అందించాను.

పళ్లమ్మాయి పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. అంతలో ఆమె మైకు వైపు ఒక అడుగు వేసింది. "అది నా..." అన్నంతవరకు వినబడింది. శాఖాధిపతిగారు నా వైపు చూశారు. నేను లేచి చప్పట్లు మొదలుపెట్టాను. హాలంతా అందుకుంది. ఆమె పెదవులు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

మీరూ వచ్చారు కదా, మూడో వరుసలో కూర్చున్నారు. ఆమె ఏమందో మీకేమైనా వినబడిందా? నాకైతే వినబడలేదు. మీ చప్పట్లు మరీ గట్టిగా ఉన్నాయి.