బన్ను తినని బేకరీ ఆవిడ

ఆ ఉదయం బేకరీ ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు కొట్టేదాకా ఏమీ తినకూడదు. పన్నెండుకి రెండు ఉడికించిన గుడ్లు, కాసిని కీరా ముక్కలు, అంతే. బ్రెడ్డు ముక్క నోట పెట్టక ఇరవై రోజులైంది. మూడు కిలోలు తగ్గింది. ఓవెన్ దగ్గర వంగి లేస్తుంటే మోకాళ్లు మునుపటిలా మొరాయించడం లేదు. ఈ సుఖాన్ని ఎవరి కోసమూ వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

కొంప ముంచింది కౌంటర్లో కూర్చునే మొగుడు. రోజూ బన్నులు కొనే రిటైర్డ్ టీచరమ్మ, "మీ ఆవిడ చిక్కినట్టుందే?" అని అడిగింది.

"మా బ్రెడ్డు ముట్టడం మానేసిందండీ!" అన్నాడాయన గొప్పగా.

టీచరమ్మ చేతిలోని పొట్లాన్ని ఒకసారి చూసుకుని, తిరిగి బల్ల మీద పెట్టేసింది. ఆ మాట టైలరు షాపు చేరేసరికి "చేసినావిడే తినట్లేదట" అయింది. మందుల షాపు దగ్గర "తిని మంచం పట్టిందట" అయింది. పదకొండింటికి టీచరమ్మతో సహా పాతికమంది గుమ్మం ముందు పోగయ్యారు.

"మా ముందు ఒక్క బన్ను తినమ్మా, నమ్ముతాం," అన్నాడు టైలరు.

మొగుడు ఒక బన్ను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "తినెయ్యవే, నీకు దణ్ణం పెడతా! ఇవాళ వీళ్లు వెళ్లిపోతే రేపట్నుంచి షాపు మూసుకోవాలి."

ఆమెకు ఒళ్లు మండింది. ఇరవై రోజులు కడుపు మాడ్చుకున్నది తాను. ఆ కష్టాన్నంతా ఒక్క నిమిషంలో మింగెయ్యమనడానికి వీళ్లెవరు?

"లావుగా ఉంటే తగ్గమన్నారు, తగ్గుతుంటే తినమంటున్నారు. నా నోరు మీ దగ్గరేం తాకట్టు పెట్టలేదు. నేను తినేది పన్నెండుకి. చూడాలనుంటే నిలబడండి!" అని లోపలికి పోయింది.

నిలబడ్డారు. పావుగంటకి కొత్త వాయి ఓవెన్లోంచి బయటికొచ్చింది. వేడి పోవడానికి ఆమె తలుపు బార్లా తెరిచింది. వెన్న వాసన గుంపు మీదికి వచ్చి పడింది. టైలరు పరీక్ష కోసమని ట్రేలోంచి ఒక బన్ను తీసి తిన్నాడు. మొదటిది సరిగ్గా తెలియలేదని రెండోది తిన్నాడు. టీచరమ్మ తన పొట్లాన్ని వెనక్కి లాక్కుంది. ఆపైన ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు.

పన్నెండు కొట్టింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, డబ్బా తెరిచి, తాపీగా గుడ్డు కొరికింది.

"మరి బన్ను?" అన్నాడు టైలరు, నిండిన నోటితో.

"ఏ బన్ను?" అంది ఆవిడ.

అందరూ ట్రేల వైపు చూశారు. అన్నీ ఖాళీ. మొగుడి చేతిలో ఉండాల్సిన బన్ను కూడా లేదు, కంగారులో దాన్ని ఆయనే తినేశాడు.