నరసప్ప నాయుడి మస్టరు

రాళ్లవంక స్టేషన్లో ఉదయం పది గంటల ప్యాసింజరు నుంచి, ఆ లైను వేస్తూ నూట నలభై ఏడేళ్ల కిందట చనిపోయిన కూలీలు దిగడం మొన్న ఉగాది తర్వాత మొదలైంది. మొదటి రోజు నలుగురే దిగారు. వారం తిరిగేసరికి ప్లాట్‌ఫారం చివర నీళ్ల ట్యాంకు కింద, గంపలూ గడ్డపారలూ ముందర పెట్టుకుని, మూడు వందల పదకొండు మంది వరసలుగా గొంతుక్కూర్చున్నారు. సాయంత్రం బండికి వెళ్లిపోతారు, పొద్దున్నే మళ్లీ దిగుతారు. ఎక్కే స్టేషన్ ఏదో ఎవరికీ తెలియదు. వాళ్లు చనిపోయినవాళ్లన్న విషయంలో రైల్వేవారికి ఏ అభ్యంతరమూ లేదు. టికెట్టు లేకపోవడమే అభ్యంతరం.

స్టేషన్ మాస్టరు మస్తాన్ వలి పద్ధతి తప్పే మనిషి కాదు. టికెట్ కలెక్టరును పంపాడు. వాళ్లు టికెట్టుకు బదులు మెడలో తాడుకు కట్టిన రేకు బిళ్లలు చూపించారు. బిళ్ల మీద ఒక నంబరు, దాని కింద 'ప.న.నా.' అని మూడక్షరాలు. వలి ఈ సంగతి పై ఆఫీసుకు రాశాడు. తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. ఈ వ్యవహారం మొత్తంలో ఊళ్లోవాళ్లు నోరెళ్లబెట్టింది ఆ ఒక్కదానికే. సదరు వ్యక్తులు ప్రయాణికులు కారనీ, కాంట్రాక్టరు తాలూకు మనుషులనీ, వారి హాజరు వేసే మస్టరు ఇంతవరకు మూయలేదనీ, కాబట్టి కాంట్రాక్టరును గానీ, ఆయన లేని పక్షంలో వారసుణ్ణి గానీ పిలిపించి మస్టరు సరిచేయించి ప్లాట్‌ఫారం ఖాళీ చేయించవలసిందనీ అందులో ఉంది.

ప.న.నా. అంటే పసుపులేటి నరసప్ప నాయుడు. సత్రం గోడ మీదా, హైస్కూలు గడియారం కిందా ఉన్న పేరు అదే. ఎద్దుబండ్ల మీద కంకర తోలుతూ మొదలుపెట్టి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, ధాత కరువు ఏడాది పద్దెనిమిది మైళ్ల రైలుకట్ట కాంట్రాక్టు పట్టాడు. ఊళ్లకు ఊళ్లు తిండి లేక రోడ్డున పడ్డ ఏడాది అది. కూలీల కోసం ఆయన ఎక్కడా వెతుక్కోవలసిన పని లేకపోయింది. గడువుకు నెల ముందే కట్ట పూర్తి చేశాడు. ఒక్క కూలీ ప్రాణం కూడా పోకుండా పని ముగించినందుకు దొరలు బంగారు గొలుసూ, రావుబహద్దూర్ బిరుదూ ఇచ్చారు. ఆ ఇంటి పెళ్లిపత్రికల్లో ఈనాటికీ వరుడి పేరు కన్నా ఆ బిరుదే పెద్ద అక్షరాల్లో పడుతుంది.

వారసుడు రాజగోపాల్. నరసప్ప నాయుడికి మునిమనవడు, చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరైనవాడు. ముత్తాత మీద డెబ్బై పేజీల పుస్తకం రాసి, సొంతంగా అచ్చు వేయించి, గృహప్రవేశాలకూ నామకరణాలకూ వెళ్లినప్పుడల్లా అడగనివాళ్లకు కూడా ఇచ్చేవాడు. నాలుగో పేజీలో 'ఒక్క ప్రాణమూ పోలేదు' అన్న వాక్యం కింద గీత కూడా గీయించాడు. స్టేషన్లో కడుతున్న కొత్త వెయిటింగ్ హాలుకు ముత్తాత పేరు పెట్టించాలని ఆరేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ ఫైలు ఇప్పుడు ఆఖరి సంతకం దగ్గర ఉంది.

మస్టరు ఆయన ఇంట్లోనే ఉంది. ఎర్రగుడ్డలో చుట్టిన ఆ పుస్తకానికి ఏటా ఆయుధపూజ రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ బీరువాలో దాచేవారు. పూజలో పెట్టిన వస్తువును విప్పి చదవడం ఆ ఇంట్లో మర్యాద కాదు. మూలపత్రాలు చూడకుండా చరిత్ర రాయకండి అని ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిన రాజగోపాల్ కూడా ఆ ముడి విప్పలేదు. వలి ఫోను చేసిన రోజు విప్పాడు.

పేర్లు, నంబర్లు, మోసిన గంపలు, సాయంత్రం గంజి. హాజరు పడిన మనిషికి గంజి, ఆ మనిషి పిల్లలకు తలా ఒక గరిటె. మూడు వందల పదకొండు పేర్ల ఎదురుగా మాత్రం ఏదో ఒక తేదీన ఒకే మాట ఉంది, 'పరారీ' అని. ఆ తేదీ తర్వాత గంజి లేదు. పిల్లల గరిటె కూడా లేదు. కరువులో గంజి దొరికే ఒకే ఒక్క చోటు వదిలి అంతమంది ఎక్కడికి పారిపోతారన్న ప్రశ్న చరిత్ర చదివినవాడికి తట్టకుండా ఉంటుందా? తట్టింది. ఆ పూట కంచం ముందు కూర్చుని తినలేక లేచిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. ముత్తాత చేసినదానికి కొంత, తను గీత గీయించినందుకు అంతకన్నా ఎక్కువ.

మర్నాడు మస్టరు చంకన పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాడు.

"వచ్చినారా సార్, మంచిదైంది," అన్నాడు వలి. అతను ఒకప్పుడు రాజగోపాల్ దగ్గరే ఇంటర్ చదివాడు. "పరారీ అనేది కొట్టేసి మృతి అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టండి సార్, చాలు. వీళ్ల పాటికి వీళ్లు పోతారు."

"మళ్లీ రారా?"

"రారు సార్. పేరు మూసేసినాక బండెక్కే హక్కు ఉండదు."

"మరి వెయిటింగ్ హాలు సంగతి?"

"మూడు వందల పదకొండు సావులుండే పేరంటే హాలుకు కష్టమే సార్. ఫైలు వెనక్కి పోతాది."

ముందు వరసలోంచి ఒకామె లేచి వచ్చింది. బిళ్ల నంబరు రెండు వందల ఆరు, పేరు ఓబుళమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఎముకల మీద చీర చుట్టినట్టుంది.

"సామీ, నువ్వు నాయుడి మనిషివంట గదా," అంది.

"అవునమ్మా."

"నేను పారిపోలేదు సామీ. మిట్టమధ్యాన్నం గంప ఎత్తుకుంటానే పడిపోతి. ఆ కట్టలోనే ఏసి మన్ను కప్పిరి. నా బిడ్డ నాలుగేండ్లది. సాయంత్రం గిన్నె పట్టుకోని గంజి కాడ నిలబడితే, మీయమ్మ నిన్ను ఇడిసిపెట్టి పారిపోయింది, పో అనిరంట." ఆమె గొంతులో కోపం లేదు. "గంజి సంగతి పోనీలే. అమ్మ ఇడిసిపెట్టి పోయిందనుకోని సచ్చిపోయింటాది గదా అది. ఆ మాటొకటి కొట్టేసి, సచ్చిపోయిందని రాయి సామీ. నేను పోయి దానికి చెప్పుకుంటా."

రాజగోపాల్ తల ఎత్తలేకపోయాడు. కలం తీశాడు, మూత విప్పాడు, మళ్లీ పెట్టాడు. "రేపు రాస్తానమ్మా," అన్నాడు.

"రేపంటే రేపే గదా సామీ," అని ఆమె వెళ్లి తన చోట కూర్చుంది.

ఇంట్లో భార్య వసుంధర అంతా విన్నది. "హాలు తెరిచే రోజుకి చుట్టాలందరికీ చెప్పినాం. కడప నుంచి మా అన్నావాళ్లు టికెట్లు కూడా చేసుకున్నారు. ఇప్పుడు వాళ్లకేమని చెప్పేది?"

"వాళ్లు పారిపోలేదు వసుంధరా."

"పారిపోలేదనే రాయండి. ఎవరొద్దన్నారు? సచ్చిపోయినారని మీరెందుకు రాయాల? మీరేమన్నా చూసినారా?"

ఇది రాజగోపాల్‌కు తట్టని కోణం. రాత్రంతా ఆలోచించగా అందులో తప్పేమీ కనిపించలేదు. తప్పు కనిపించకపోవడం ఆయనకు హాయిగా కూడా అనిపించింది. పొద్దున స్టేషన్‌లో బల్ల వేయించుకుని, మూడు వందల పదకొండు చోట్ల 'పరారీ' కొట్టేసి, 'హాజరు' అని రాసి, పక్కన పొట్టి సంతకాలు పెట్టాడు. వలి రూల్సు తిరగేసి చూశాడు. మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు హాజరు వేయడం ఏ రూలుకీ విరుద్ధం కాదు.

ఓబుళమ్మకు చదువు రాదు. ఏం రాశారో వలి చదివి వినిపించాడు.

"అయితే నేను సచ్చిపోలేదా సామీ?" అని రాజగోపాల్‌ను అడిగింది.

"మస్టరు ప్రకారం లేదమ్మా."

"మరి బిడ్డ కాడికి ఎప్పుడు పోయేది?"

"పని అయిపోయినాక," అన్నాడు రాజగోపాల్. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె తిడితే బాగుండును, కనీసం ఏడిస్తే బాగుండును అనుకున్నాడు. ఆమె సరేనని తలాడించింది.

హాజరైనవాళ్లకు పని చూపించాలని రూలు. పక్కనే రెండో లైను పని నడుస్తోంది కాబట్టి వాళ్లను ఆ కంపెనీకి అప్పగించారు. కంపెనీవాళ్లు మొదట సందేహించారు గానీ, రెండు రోజుల్లో వాళ్ల ముఖాలు విప్పారాయి. ఈ కూలీలు నీళ్లడగరు, నీడ అడగరు, బీడీ కాల్చుకొస్తామని పక్కకు పోరు. వారసుడు తప్ప ఇంకొకరు హాజరు వేస్తే చెల్లదు కనుక రాజగోపాల్ రోజూ పదింటికి వచ్చేవాడు. "రెండు వందల ఆరు, ఓబుళమ్మ," అని పిలిస్తే "ఉండా సామీ" అని వినిపించేది. పుస్తకంలోంచి తల ఎత్తకుండా పిలవడం ఆయన నేర్చుకున్నాడు. అయినా ఆ నంబరును మిగతావాటికన్నా గబగబా దాటించేసేవాడు. ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పంచిన పుస్తకాలను అచ్చుతప్పులున్నాయని చెప్పి ఒక్కొక్కటే వెనక్కి తెప్పించుకున్నాడు.

వెయిటింగ్ హాలు తెరిచారు. కడప బంధువులు వచ్చారు. రాజగోపాల్ నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఒక్క ప్రాణమూ పోలేదన్న వాక్యం అనకూడదనుకునే మైకు దగ్గరకు వెళ్లాడు, కానీ జనం దానికోసమే చూస్తున్నట్టు అనిపించి అనేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరూ కొడుతున్నారు కదా అని వెనక నిలబడ్డ కూలీలు కూడా కొట్టారు. ఓబుళమ్మ కూడా కొట్టింది. ఆ రోజు ఆయన భోజనం దగ్గర బంధువులకు వడ్డిస్తూ గడిపాడు గానీ ఎవరి ముఖమూ చూడలేదు.

మే నెల వచ్చింది. లైను పనిలో ప్రాణమున్న కూలీలు కూడా నలభై మంది ఉన్నారు, ఆదోని వైపు నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లు నీళ్ల కోసం ఆగినప్పుడల్లా మేస్త్రీ అవతలి వరస చూపించి, "వాళ్లడుగుతాండారా?" అనేవాడు. ఒక మధ్యాహ్నం సుంకమ్మ అనే ఆమె కంకర గంపతో పాటు కూలబడింది. నీడకు మోసుకొచ్చి ముఖం మీద నీళ్లు చల్లారు. ఆమె లేవలేదు.

కంపెనీ సూపర్‌వైజరు రాజగోపాల్ దగ్గరకు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. "సార్, పోయిందని రాస్తే పని ఆగిపోతాది. పారిపోయిందని రాస్తే పాపం. మీ పద్ధతే బాగుంది. మస్టరు తెరిచే ఉంది గదా, ఈ పేరు కూడా ఎక్కించండి."

"పిల్లలున్నారా?" అని అడిగాడు రాజగోపాల్.

"ఇద్దరంట సార్. ఊళ్లో అవ్వ దగ్గర ఉండారు."

రాజగోపాల్ కలం మూత విప్పాడు. తర్వాత మూడు వందల పన్నెండో నంబరు వేసి పేరు రాశాడు. సాయంత్రం పిల్లలు ఫోను చేస్తే అమ్మ పనిలో ఉందని సూపర్‌వైజరు చెప్పాడు. మస్టరు ప్రకారం అది నిజమే.

మర్నాడు పది గంటల ప్యాసింజరు నుంచి ఓబుళమ్మ వెనకాలే సుంకమ్మ దిగింది. మెడలో కొత్త రేకు బిళ్ల ఉంది. వరసలో ఎక్కడ కూర్చోవాలో ఓబుళమ్మ చూపించింది. రాజగోపాల్ ఒక్కొక్క పేరే పిలుచుకుంటూ చివరికొచ్చాడు.

"మూడు వందల పన్నెండు, సుంకమ్మ."

"ఉండా సార్."

హాజరు వేశాడు. సిగ్గేస్తుందేమోనని కాసేపు అలాగే కూర్చుని చూశాడు. సిగ్గు వేయలేదు. ఇంకాస్త ఆగి చూసి, టీ తెప్పించమని వలికి చెప్పి, ఆ రోజు పేపరు తెరిచాడు.