పైడమ్మ తలుపు తీసి ఏడ్చిన పొద్దు

ఇలా నా పక్కకి జరగండమ్మా. గొంతెత్తి చెప్పే కథ కాదిది. ఎందుకో ఆఖర్న మీకే తెలుస్తుంది.

వుడ్‌ల్యాండ్స్‌లో ఏడో అంతస్తు ఫ్లాటులో ఆ శనివారం పొద్దున పైడమ్మ వడలకని పప్పు నానబోసింది. ఆమె మొగుడు గోవిందయ్య, నెల కిందటే గుండె ఆపరేషన్ అయిన మనిషి, క్షవరానికి వెళ్ళాడు. యూనివర్సిటీలో చదివే మనవరాలు కీర్తిక ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మమ్మా, ఐర్లాండ్ వాళ్ళకి 'కీన' అని ఒక మాటుంది. అంటే ఏడవడం. పోయినవాళ్ళని పేరెట్టి పిలిచి, వాళ్ళ మంచి చెప్పి, రాగం తీసి ఏడవడం. దానికి పేరుమోసిన ఆడవాళ్ళని పిలిపించేవాళ్ళట. చర్చి వద్దు వద్దంటే మెల్లగా పోయింది. ఇప్పుడు మాటే ఉంది, ఏడ్చేవాళ్ళు లేరు."

"మాటుంచుకుని మనుషుల్ని పోగొట్టుకున్నారా? పాపం!"

"నువ్వూ చావుల్లో అలాగే ఏడుస్తావు కదా? రికార్డ్ చేసుకుంటా. ఫైవ్ మినిట్స్ అంతే!"

"శవం లేకుండా ఏడిస్తే ఇంటికి అరిష్టమే!" అంది పైడమ్మ. అంటూనే కిటికీలోంచి చూసింది. నీళ్ళకి అవతల జొహోర్, పక్క దేశం. కరోనా ఏడాది రెండు దేశాల మధ్య వంతెన మూసేసినప్పుడు అక్క సుభద్ర అక్కడే పోయింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, వెళ్ళడానికి లేదు. అక్క కొడుకు హరిదాస్, ఫోను అమ్మ చెవి దగ్గర పెడతాను, ఒక్కసారి ఏడవమన్నాడు. ఫోన్లో ఏడవడం చేతకాదంది పైడమ్మ. అప్పట్నుంచి అతను మాట్లాడలేదు. ఆ ఏడుపు ఆమె గుండెల్లోనే ఉండిపోయింది.

జుట్టు విప్పుకుని నేల మీద కూర్చుంది. కీర్తిక రికార్డింగ్ పెట్టి తలుపు మూయబోతే కసిరింది. "ఏడ్చే ఇంటి తలుపు మూస్తారా ఎక్కడైనా?"

కింది అంతస్తు రాజకుమారి ఆ గొంతు విని పైకి పరిగెత్తింది. ఇనప గేటులోంచి చూస్తే గుండెలు బాదుకుంటున్న పైడమ్మ, తల వంచుకున్న పిల్ల, గోవిందయ్య ఖాళీ కుర్చీ. ఏడ్చేవాళ్ళని ఆపి అడగకూడదు కదా! అలాగే కిందికి దిగి గుడి వాట్సాప్ గ్రూపులో గోవిందయ్య పోయాడని కబురు పెట్టేసింది. చావు సామాను అద్దెకిచ్చేవాళ్ళని పిలిచింది. గంటన్నరలో బ్లాకు కింద బల్లలు, కుర్చీలు దిగాయి.

క్షవరం చేయించుకుని, కాఫీ తాగి గోవిందయ్య తిరిగొచ్చాడు. ఎవరో పోయినట్టున్నారు పాపమని కుర్చీలు వేసే కుర్రాళ్ళతో తనూ చెయ్యి వేశాడు. అప్పుడే కబురు అంది వంతెన దాటొచ్చిన హరిదాస్ దండ పట్టుకుని దిగాడు.

"ఎవర్రా పోయింది?"

"నువ్వే బాబాయ్!"

రాజకుమారి కెవ్వున అరిచి, తేరుకుని, సంగతి కనుక్కుని, కుర్చీలన్నీ మడిపించింది. హరిదాస్ మాత్రం మండిపడుతూ పైకొచ్చాడు.

"మా అమ్మకి ఫోన్లో ఏడవడం చేతకాలేదు. మనవరాలి చదువుకైతే చేతనైందా పిన్నీ?"

కీర్తిక ఫోన్లో ఆ రికార్డింగ్ నొక్కింది. సుభద్ర పేరు వినపడింది. రబ్బరు తోటలో చీకటితో లేచి చెట్లు గీసి పాలు తీసిన సంగతి, వీపున కట్టుకున్న బిడ్డ చెవి దోమలు కుట్టకుండా కొంగు కప్పిన సంగతి. ఆ బిడ్డ హరిదాస్. ఉన్నపళాన ఫోను పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఫోన్లో ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"మిగతాది?" అన్నాడు హరిదాస్.

"కడుపున పుట్టినవాడు ఎదురుగా లేందే ఆఖరి మాట అనకూడదురా. అందుకే ఇన్నాళ్ళూ మింగి కూర్చున్నాను."

దండ సుభద్ర ఫోటోకి వేసి, అతని చెయ్యి పట్టుకుని పైడమ్మ మళ్ళీ గొంతెత్తింది. ఈసారి ఇద్దరూ ఏడ్చారు.

కింద రాజకుమారి చెవులు రిక్కించింది. "అయ్యో, ఈసారి నిజంగానే!" అంటూ కుర్చీలన్నీ మళ్ళీ వేయించింది. ఆయాసంతో మెట్ల దగ్గరే ఆగిపోయిన గోవిందయ్య వాటిలో ఒకటి లాక్కుని కూర్చున్నాడు.

సుభద్ర పేరు మరిచిపోకండమ్మా. మీ పిల్లలకి కూడా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం తలుపు వేసుకోండి.